చీనామట్టి లెక్క: కయోలినైట్ ధర్మాలు



కప్పులు, సాసర్లు చేసే చీనామట్టిలోని ముఖ్య ఖనిజం కయోలినైట్. చైనాలోని గావోలింగ్ అనే ఊరి పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది. గ్రానైట్ వంటి రాళ్ళలోని ఫెల్డ్‌స్పార్ వాననీటికి శిథిలమై, అందులోని పొటాషియం వంటివి కొట్టుకుపోగా మిగిలేది ఇదే.

భౌతిక ధర్మాలు: శుద్ధమైనది తెల్లగా ఉంటుంది. మోహ్స్ స్కేలుపై కాఠిన్యం 2 నుంచి 2.5. సాపేక్ష సాంద్రత సుమారు 2.6. నీటిలో కరగదు. తడిపితే ముద్దయి, ఇచ్చిన ఆకారంలో నిలుస్తుంది.

రసాయన ధర్మాలు: దీని ఫార్ములాలో అల్యూమినియం 2, సిలికాన్ 2, ఆక్సిజన్ 9, హైడ్రోజన్ 4 పరమాణువులు ఉంటాయి. భారాలు వరుసగా 54, 56, 144, 4. మొత్తం 258. దీనినే అల్యూమినా 102, సిలికా 120, నీరు 36 అని కూడా రాయవచ్చు. జమాఖర్చుల పుస్తకంలో లాగానే రెండు మొత్తాలూ సరిపోవాలి. శాతాలలో ఇవి 39.5, 46.5, 14.

ఇక్కడే చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు. ఆ 14 శాతం మట్టి తడి కాదు. అది హైడ్రాక్సిల్ రూపంలో ఖనిజంలోనే కలిసి ఉంటుంది. ఎండబెడితే పైతడి మాత్రమే పోతుంది. నీళ్ళు పోస్తే మళ్ళీ ముద్దవుతుంది. సుమారు 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో హైడ్రాక్సిల్ నీటి ఆవిరిగా పోయి, ఖనిజ నిర్మాణమే మారిపోతుంది. అందుకే కాల్చిన పాత్ర మళ్ళీ మట్టిముద్ద కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. కయోలినైట్ పొరలను హైడ్రోజన్ బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. నీరు మధ్యకు చొరబడదు, ఉబ్బు తక్కువ. రాయచూరు, బళ్ళారి, విదర్భ ప్రాంతాల నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ జాతి ఖనిజాలు ఎక్కువ. వాటి పొరల మధ్యకు నీరు చేరుతుంది కనుక ఆ నేల వానకు ఉబ్బి, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. దానితోపాటు గోడలూ బీటలు తీస్తాయి. కనుక నల్లరేగడిలో ఇల్లు కట్టేవారు ముందుగా మట్టి పరీక్ష చేయించి, ఇంజనీరు చెప్పిన ప్రకారం పునాది వేయించాలి. కష్టార్జితంతో కట్టే ఇంటికి ఆ ఖర్చు దండుగ కాదు.

అభ్యాసం: పూర్తిగా ఎండిన శుద్ధ కయోలినైట్ 129 కిలోలు కాల్చితే ఎంత నీరు పోతుంది? 129ని 36తో హెచ్చించి 258తో భాగించండి. 18 కిలోలు వస్తే పాఠం వచ్చినట్లే.