రాత్రి నగరంలో ఆమెకు చోటెక్కడ?

పబ్బు అన్నది ఇంగ్లీషులోని 'పబ్లిక్ హౌస్'కు పొట్టి రూపం. పదిమందీ వచ్చి కూర్చునే ఇల్లు అని అర్థం. ఆ పదిమందిలో స్త్రీ ఉన్నదా అన్నదే ఈ వ్యాసంలోని విచారణ. తాగుడు మంచిదా చెడ్డదా అనే వాదం వేరు. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మరాదని మన చట్టం చెబుతూనే ఉంది.

నగర విహారం మన సాహిత్యానికి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులు చుట్టివస్తారు. పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, వీరగాథల పాట, వేశ్యవాడ, అన్నీ చూస్తారు. స్త్రీలు అడుగడుగునా కనిపిస్తారు. అయితే ఏం లాభం? తీరిగ్గా ఊరు చూడ బయల్దేరినవారు మగవాళ్ళే. వారి కళ్ళకు ఆమె కూడా ఒక వినోదమే.

ఇక మన కాలానికి వద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. అక్షరాస్యతా తరగతుల్లో మొదలైన మాటలే ఉద్యమమయ్యాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేశారు.

పంజాబ్ ఎక్సైజ్ చట్టం (1914)లో ఒక నిబంధన ఉండేది. మద్యం తాగే చోట స్త్రీలనుగానీ, 25 ఏళ్ళలోపు పురుషులనుగానీ ఉద్యోగంలో పెట్టుకోరాదు. ఈ చట్టం ఢిల్లీకీ వర్తించేది. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. రక్షణ కల్పించవలసింది ప్రభుత్వం. రక్షణ పేరిట ఆమె ఉపాధి లాక్కోవడం న్యాయం కాదన్నది తీర్పు సారాంశం.

పదమూడు నెలలు తిరిగాయో లేదో, 2009 జనవరి 24న మంగళూరులో ఒక పబ్బులోకి ఒక మూక చొరబడి అమ్మాయిలను తరిమి తరిమి కొట్టింది. సంస్కృతిని కాపాడుతున్నామన్నారు. దేశమంతా టీవీల్లో చూసిన సంగతే అది. అయినా 2018లో కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది.

దూబగుంట తల్లి దుకాణం మూయమన్నది, మంగళూరు అమ్మాయి లోపలికి వెళ్ళింది, ఇద్దరికీ పొత్తెలా కుదురుతుందని కొందరు మిత్రులు అడుగుతుంటారు. పైకి ఎదురెదురుగా కనిపిస్తారు, నిజమే. కాని కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారా కొట్లో ఖర్చయిపోతుంటే, ఆ డబ్బు మీద తనకూ హక్కుందని తల్లి అన్నది. చీకటిపడ్డాక కూడా ఊరి మీద తనకు హక్కుందని అమ్మాయి అన్నది. ఎవరినో అడిగి బతకవలసిన గతి వద్దన్నదే ఇద్దరి మాటా.

ఆ గతి పబ్బుల దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. లైబ్రరీ తెరిచే ఉంటుంది, క్యాంటీన్లో టీ మరుగుతూనే ఉంటుంది. లేడీస్ హాస్టల్ గేటుకు మాత్రం ముందే తాళం పడే కళాశాలలు ఎన్ని లేవు! తాళం ఎందుకంటే రక్షణకు అంటారు. అలాగైతే వీధి దీపాలు, రాత్రి బస్సులు, పిలిస్తే పలికే పోలీసులు ఎందుకు? ఏది ముందు కావాలో విద్యార్థి సంఘం చర్చకు పెట్టాలి. ఆ చర్చలో మొదట మాట్లాడవలసినవారు ఆ గేటు లోపల ఉన్నవారే.