తొలిసారి డిస్నీకి వెళ్ళేవాళ్ళకు పెద్దమ్మ మాట

మేముండేది అట్లాంటాలో. అక్కణ్ణుంచి ఆర్లాండో, పొద్దున కారెక్కితే సాయంత్రానికి చేరే దూరం. అందుకని మా చుట్టాల్లో ఎవరికి డిస్నీ వరల్డ్ ప్రయాణం కుదిరినా ముందు మోగేది మా ఇంటి ఫోనే. "పెద్దమ్మా, నాలుగు రోజులే సెలవు దొరికింది. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. పైగా అత్తయ్యగారూ మావయ్యగారూ ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఎలా చెయ్యమంటావు?" అని మొన్న డాలస్ నుంచి మా చెల్లెలి కూతురు అడిగింది. పిల్లలతో తిరిగాను, మనవలతో తిరిగాను, వచ్చిపోయే చుట్టాలందరినీ తిప్పాను. ఫోన్లో చెప్పిందే చెప్పి గొంతు పోతోంది గనక ఈసారి రాసి పెడుతున్నాను.

1. అంతా చూసెయ్యాలనుకోకండి

డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు. 1971 అక్టోబరు 1న మేజిక్ కింగ్‌డమ్‌తో తెరిచారు. 1982లో ఎప్‌కాట్, 1989లో హాలీవుడ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఇవి కాక నీటి పార్కులు రెండు. మొత్తం స్థలం దాదాపు పాతికవేల ఎకరాలు. ఎప్‌కాట్ నుంచి హాలీవుడ్ స్టూడియోస్‌కు తప్ప, ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకు నడిచిపోదామంటే కుదిరే పని కాదు, ఏదో ఒక బండి ఎక్కాల్సిందే.

ఇంత డబ్బు పోసి వచ్చాం, ఒక్కటీ వదలకూడదనే పట్టుదల మనవాళ్ళకు ఎక్కువ. ఆ పట్టుదలతోనే మూడో రోజుకి పిల్లలు ఏడుస్తుంటారు, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోరు, అత్తగారు హోటల్ గదిలోంచి కదలనంటుంది. మీతో వచ్చేవాళ్ళలో అందరికంటే నెమ్మదిగా నడిచేదెవరో ముందు చూసుకోండి. అది మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ కావచ్చు, మధ్యాహ్నం నిద్రలేకపోతే పేచీ పెట్టే మూడేళ్ళ పిల్ల కావచ్చు. ఆ మనిషి ఓపికను బట్టే రోజంతా ఏర్పాటు చేసుకోండి. కింద రాసినవన్నీ ఈ ఒక్క మాట మీద నడిచేవే.

నాలుగు రోజులుంటే మేజిక్ కింగ్‌డమ్‌కు రెండు, యానిమల్ కింగ్‌డమ్‌కు ఒకటి ఇచ్చి, మధ్యలో ఒకరోజు ఏ పార్కూ లేకుండా హోటల్ ఈతకొలను దగ్గర గడపమంటాను. పిల్లలకు స్టార్ వార్స్ పిచ్చి ఉంటే తప్ప హాలీవుడ్ స్టూడియోస్ రెండో ప్రయాణానికి దాచుకోవచ్చు. ఒకే రోజు రెండు మూడు పార్కులు తిరగడానికి పార్క్ హాపర్ అని ఇంకాస్త ఖరీదైన టికెట్ అమ్ముతారు. తొలిసారి వెళ్ళేవాళ్ళకు అది దండగ.

2. నెల చూసుకుని వెళ్ళండి

క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య వారం, థ్యాంక్స్‌గివింగ్, మార్చి ఏప్రిల్ నెలల్లో బళ్ళకు వసంతకాలపు సెలవులిచ్చే వారాలు, ఈ మూడూ వద్దు. ఆగస్టు రెండోవారానికల్లా ఫ్లోరిడాలో బళ్ళు తెరుస్తారు, ఆ నెలాఖరు నుంచి సెప్టెంబరంతా జనం తగ్గుతారు. కాకపోతే తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా ఉంటుంది, వాతావరణం మీద ఒక కన్నేసి ఉంచాలి. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో చలి కాస్త ఉన్నా పెద్దవాళ్ళకు హాయి.

మనకొచ్చే చిక్కేమిటంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది ఎక్కువగా వేసవిలోనే. జులైలో అక్కడి ఎండ విజయవాడ ఎండంత ఉండదు గానీ ఉక్క మాత్రం అచ్చం కాకినాడ ఉక్కే. వేసవిలో తప్పదనుకుంటే ఆరో అంశం రెండుసార్లు చదవండి.

3. వయసు టికెట్ కోసం, ఎత్తు రైడ్ కోసం

మూడేళ్ళు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకు పిల్లల టికెట్, పది నిండితే పెద్దల కిందే లెక్క. మూడో పుట్టినరోజు దగ్గర్లో ఉంటే ప్రయాణం దానికి ముందే పెట్టుకోండి.

రైడ్ ఎక్కడానికి మాత్రం వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్‌కు 48 ఉండాలి. ఇంటి దగ్గరే గోడకు నిలబెట్టి కొలిచి, ఏవి ఎక్కవచ్చో ఏవి కూడదో పిల్లలకు ముందే చెప్పండి. అక్కడిదాకా వెళ్ళాక "మేం పక్కనే కూర్చోబెట్టుకుని పట్టుకుంటాంలెండి" అని బతిమాలితే వినరు, వినకూడదు కూడా.

చంటిపిల్ల ఉందని తల్లో తండ్రో రైడ్ మానుకోనక్కర్లేదు. రైడర్ స్విచ్ అని ఒక సదుపాయం ఉంది. అందరూ కలిసి రైడ్ వాకిట్లోకి వెళ్ళి అక్కడి మనిషికి చెప్పాలి. ఒకరు పిల్ల దగ్గర ఆగుతారు, మిగతావాళ్ళు ఎక్కి వస్తారు. వాళ్ళు రాగానే ఆగినవాళ్ళు పెద్ద వరుసలో నిలబడకుండా వెళ్ళిపోవచ్చు. దీనికి డబ్బేమీ తీసుకోరు. అడిగితేనే ఇస్తారు, మనవాళ్ళేమో అడగడానికి మొహమాటపడతారు.

4. పొద్దుటి గంట విలువ

గేటు తీసేవేళకు అక్కడ ఉంటే మొదటి గంటలో అయ్యే పని మధ్యాహ్నం మూడు గంటలైనా అవదు. డిస్నీ సొంత హోటళ్ళలో దిగినవాళ్ళను నాలుగు పార్కుల్లోనూ రోజూ అరగంట ముందే లోపలికి వదులుతారు. చిన్నపిల్లలుంటే నేరుగా ఫ్యాంటసీల్యాండ్ వైపు నడవండి. పీటర్ పాన్స్ ఫ్లైట్ వరుస రోజంతా తగ్గదు, దాన్ని ముందు ముగించుకోండి.

ఒక సంగతి మాత్రం మరవకండి. మేజిక్ కింగ్‌డమ్ గేటు పక్కన మీ కారు ఆగదు. కారు నిలిపేది చెరువుకు ఇవతలి ఒడ్డున. అక్కణ్ణుంచి పడవో మోనోరైలో ఎక్కి అవతలికి పోవాలి. ఊబర్ కూడా ఇవతలే దింపుతుంది. తనిఖీతో కలిపి దీనికి ముప్పావుగంట వేసుకోండి. డిస్నీ హోటల్ బస్సులైతే గేటు దగ్గరికే తీసుకెళ్తాయి. హోటల్ అద్దె ఎక్కువని గొణిగేటప్పుడు ఈ లెక్క కూడా చూడండి.

మన ఇళ్ళలో అందరి స్నానాలూ అయి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, టిఫిన్లు తిని గడప దాటేసరికి పదిన్నర. ఈ నాలుగు రోజులూ ఆ వరస మార్చండి. రాత్రే సంచీలు సర్దేసి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బయల్దేరండి. పడవ మీద తినొచ్చు.

5. డబ్బు కట్టి వరుస తప్పించుకోవడం

ఒకప్పుడు ఫాస్ట్‌పాస్ అని ఊరికే ఇచ్చేవారు. 2021లో దాని బదులు డబ్బు తీసుకునే పద్ధతి పెట్టారు. 2024 జులై నుంచి దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్. అది కొంటే మూడు రైడ్లు ముందుగా ఎంచుకోవచ్చు. డిస్నీ హోటల్‌వాళ్ళు ఏడు రోజుల ముందు, తక్కినవాళ్ళు మూడు రోజుల ముందు. మరీ గిరాకీ ఉన్న రైడ్లకు విడిగా సింగిల్ పాస్ కొనాలి. ధర రోజును బట్టి మారుతుంది.

నా మాట: జనం ఉన్న రోజున మేజిక్ కింగ్‌డమ్‌లో కొనండి, యానిమల్ కింగ్‌డమ్‌లో కొనకండి. అది మనిషికింత చొప్పున అమ్మేది కాబట్టి రోలర్ కోస్టర్ ఎక్కని అమ్మమ్మకూ తాతయ్యకూ కొననక్కర్లేదు. మర్యాదకు కొంటే మిగిలేది బిల్లే.

6. మధ్యాహ్నం ఎండలో ఉండకండి

ఒంటిగంటకు బయటపడి, హోటల్లో తిని, పడుకుని, అయిదింటికి మళ్ళీ వెళ్ళండి. టికెట్ రోజంతా చెల్లుతుంది. "నాలుగు గంటలు వృథా అయ్యాయి కదా పెద్దమ్మా" అంటారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా అక్కడే నిలబడ్డవాళ్ళ మొహాలు రాత్రి ఏడింటికి చూడండి, నన్నడగరు.

తిరిగివెళ్ళడం కుదరకపోతే కూర్చోబెట్టే ఆటలున్నాయి. మేజిక్ కింగ్‌డమ్‌లో కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ 1964 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారైంది. చల్లటి హాల్లో ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు, కుర్చీలే తిరుగుతాయి. ఏ రోజు ఏది మరమ్మతుకు మూసి ఉందో యాప్‌లో చూసుకుని వెళ్ళండి.

7. పెద్దవాళ్ళకు నచ్చేవి వేరే

పార్కంటే పిల్లలదే అనుకుని పెద్దవాళ్ళను సంచీల కాపలాకు కూర్చోబెట్టడం నేను చాలా కుటుంబాల్లో చూశాను. నాకది ఎంతమాత్రం నచ్చదు. వాళ్ళకంటూ రోజుకొకటైనా ఎంచి పెట్టండి.

మేజిక్ కింగ్‌డమ్ చుట్టూ తిరిగే రైలు బొమ్మరైలు కాదు. ఆ ఆవిరి ఇంజన్లు 1916 నుంచి 1928 లోపు అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ చేసినవి. మెక్సికోలోని యుకటాన్‌లో పనిచేసి ఇక్కడికొచ్చాయి. రైల్వేలో చేసి రిటైరైన తాతయ్య ఉంటే ముందు దాని దగ్గరికి తీసుకెళ్ళండి, ఆ తరవాత ఆయన్ని అక్కణ్ణుంచి కదిలించడం మీ వంతు.

వ్యవసాయం తెలిసినవాళ్ళకు ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ది ల్యాండ్. పడవలో కూర్చోబెట్టి గాజు పందిళ్ళ మధ్యగా తిప్పుతారు. మట్టి లేకుండా నీళ్ళలోనూ, వేళ్ళు గాలిలో వేలాడేసీ కూరగాయలు పండిస్తుంటారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా బావగారు డిస్నీలో మిగతాదంతా మరిచిపోయారు గానీ ఆ టమాటా పాదుల గురించి ఇప్పటికీ చెబుతారు. ఎత్తు నిబంధన లేదు, వరుస కూడా సాధారణంగా చిన్నదే.

యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ బండి ఎక్కడం పొద్దున్నే పెట్టుకోండి, ఎండెక్కితే జంతువులు నీడకు పోతాయి. ఆ పార్కులోనే ఆసియా భాగంలో ఆనందపూర్ అని కల్పిత రాజ్యం ఒకటి కట్టారు. అందులో పాడుబడ్డ కోటలాంటి గోడల మధ్య పులులను చూస్తూ నడిచే దారి ఉంది. తొందరపెట్టేవాళ్ళుండరు, పెద్దవాళ్ళు నిదానంగా నడవొచ్చు.

8. కాళ్ళు, చక్రాలు

రోజుకి పది కిలోమీటర్ల పైనే నడుస్తారు. కొత్త బూట్లు కొని అక్కడే మొదటిసారి తొడగకండి, నెల ముందు నుంచి వేసుకుని తిరగండి. అయిదేళ్ళ పిల్లకు తోపుడు బండి ఎందుకని నామోషీ పడకండి, సాయంత్రానికి అడిగి మరీ ఎక్కుతుంది. బండి వెడల్పు 31, పొడవు 52 అంగుళాలకు మించకూడదు. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని లాగే వ్యాగన్లను రానివ్వరు. రైడ్ దగ్గర వదిలిన బండ్లను అక్కడి సిబ్బంది జరిపి సర్దుతుంటారు కాబట్టి వచ్చేసరికి మీ బండి వేరేచోట ఉంటుంది. పాత చీర అంచుముక్క ఏదైనా పిడికి కట్టండి, వందల బండ్ల మధ్య అదొక్కటే కనిపిస్తుంది.

పెద్దవాళ్ళకు చక్రాల కుర్చీ గేటు లోపలే అద్దెకిస్తారు. కుర్చీ ఉందని వరుస తప్పదు గానీ చాలా వరుసల్లోకి దాంతోనే వెళ్ళొచ్చు. "నాకు కుర్చీ ఏమిటి, నేనేమన్నా రోగిష్టిదాన్నా" అని అత్తగారు అనడం ఖాయం. వాదించకండి. సంచీలు పెట్టుకోవడానికని తీసుకోండి. పదకొండింటికల్లా సంచీలు మీ భుజాన ఉంటాయి, ఆవిడ కుర్చీలో ఉంటుంది.

9. తిండి

బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు. ఇది తెలియక ఎంతమంది శాకాహారులు నాలుగు రోజులూ వేయించిన బంగాళాదుంపల మీద బతికారో! గాజు సీసాలు మాత్రం కూడదు. కాబట్టి ఆవకాయను చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. ఎండకు పెరుగన్నం పులుస్తుంది, పులిహోర, చపాతీలు ఉత్తమం. అక్కడ వేడిచేసి పెట్టరు. నీళ్ళు కొననక్కర్లేదు, కూల్‌డ్రింకులు పోసిచ్చే తిండి కౌంటర్లలో అడిగితే ఐసునీళ్ళ గ్లాసు ఊరికే ఇస్తారు.

ఒక్కపూట మంచి భోజనం చెయ్యాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి హోటల్లో సనా ఉంది. నాన్‌లతో రకరకాల పచ్చళ్ళు పెడతారు, కిటికీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి. పార్కు టికెట్ అక్కర్లేదు, ఆ హోటల్లో దిగాల్సిన పనీ లేదు. బల్ల మాత్రం అరవై రోజుల ముందు నుంచే రిజర్వు చేసుకోవచ్చు, చేసుకోండి.

10. వాన వస్తే పారిపోకండి

వేసవిలో మధ్యాహ్నం పూట ఉరుముల వాన మామూలు. పిడుగు దగ్గర్లో ఉంటే ఆరుబయటి రైడ్లు ఆపుతారు. జనం సగం ఇళ్ళకు పోతారు. వాన చాలాసార్లు గంటలోపే తెరిపిస్తుంది, అప్పుడు వరుసలు ఖాళీ. ప్లాస్టిక్ కోట్లు మీ ఊరి దుకాణంలోనే కొనుక్కెళ్ళండి.

11. తప్పిపోతే

రోజూ గేటు దగ్గర పిల్లలకు ఒక ఫొటో తియ్యండి, ఆ రోజు బట్టల రంగు అందులో ఉంటుంది. చేతి మీద మీ ఫోన్ నంబరు రాయండి. పేరున్న బిళ్ళ పెట్టుకున్నవాళ్ళే పార్కు మనుషులని చూపించండి. తప్పిపోయిన పిల్లల్ని బేబీ కేర్ సెంటర్‌కు చేరుస్తారు. మేజిక్ కింగ్‌డమ్‌లో అది క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కన.

పిల్లల సంగతి అందరికీ గుర్తుంటుంది. ఇంగ్లీషు రాని, అమెరికా సిమ్ లేని అమ్మమ్మ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆవిడ చేతిసంచీలో కూడా మీ నంబరు రాసిన చీటీ పెట్టండి. అందరూ కలుసుకునే చోటు ముందే అనుకోండి. కోట ముందు డిస్నీ, మిక్కీ చెయ్యి పట్టుకుని నిలబడ్డ విగ్రహం అందరికీ గుర్తుండే చోటు.

12. రూపాయల్లోకి మార్చకండి

ఒక్కొక్కటీ రూపాయల్లోకి హెచ్చవేసి చూస్తే మావయ్యగారు మంచినీళ్ళు కూడా ముట్టరు. ధరలు వాళ్ళ ముందు చదవకండి. పిల్లలకు మాత్రం బొమ్మల కోసం ఇంత అని ఒక గిఫ్ట్ కార్డు చేతికిచ్చెయ్యండి. తమ డబ్బయ్యేసరికి వాళ్ళే బేరీజు వేసుకుంటారు.

13. టికెట్ల దగ్గర జాగ్రత్త

డిస్నీ వెబ్‌సైటులో గానీ, వాళ్ళు అనుమతించిన అమ్మకందార్ల దగ్గర గానీ కొనండి. టికెట్ ఒకరి పేరున ఉన్నది ఇంకొకరికి చెల్లదు, గేటు దగ్గర వేలు పెట్టించి సరిచూస్తారు. కాబట్టి ఎవరో రెండు రోజులు వాడి మిగిల్చిన టికెట్ చవగ్గా ఇస్తామంటే నమ్మకండి. ఇక ఆర్లాండో, కిస్సిమ్మీ రోడ్ల పక్కన టికెట్లు ఊరికే ఇస్తామని బోర్డులుంటాయి. అవి టైమ్‌షేర్ ఇళ్ళు అమ్మేవాళ్ళవి. గంటన్నర అని కూర్చోబెట్టి పూటంతా వదలరు. ఆ బోర్డు కనిపిస్తే కారు ఆపకండి.