సుద్దముక్క పక్కన పెట్టుకో

వికారాబాద్

సింధూ,

బొమ్మల గురించి నేర్చుకోవాలని ఉందనీ, తాండూరులో చూడటానికి ఏమీ లేదనీ రాశావు. సెలవుల్లో పట్నం తీసుకుపోతాలే. అంతదాకా ఫోను ఉంది కదా, చాలు. కానీ దాన్ని పూర్తిగా నమ్మకు బిడ్డా. అది ప్రతి బొమ్మనూ అరచేయంత చేసి చూపిస్తుంది.

ఒక పని చెయ్యి. బొమ్మ కింద కొలతలు రాసి ఉంటాయి, ఎవరూ చదవరు. నువ్వు చదివి, సుద్దముక్కతో మీ ఇంటి బండల మీద అంత గడి గియ్యి. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. రెండడుగుల బండ దాటి కొంచెం పోతుంది, అంతే! పికాసో 1937లో వేసిన గెర్నికా గియ్యబోతే ఇల్లు చాలదు. అది పదకొండున్నర అడుగుల ఎత్తు, ఇరవై అయిదడుగులకు పైగా పొడవు. వాకిలి దాటి సందులోకి పోతావు. మీ అమ్మ నన్ను తిడితే తిట్టనీ.

ఆ బండలనే ఇంకోసారి చూడు. తాండూరు బండ సున్నపురాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలూ సున్నపురాయివే. గని వేరు, అది పల్నాడు రాయి. ఆ మ్యూజియం తన వెబ్‌సైటులో వాటి ఫొటోలు పెట్టింది. వాటిలో రెండు వైపులా చెక్కిన పలక ఒకటి ఉంది, వెతుకు. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న జనం. అది క్రీస్తు పూర్వం నాటి పని. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండోవైపు బౌద్ధ స్తూపాన్ని చెక్కారు. మొదటి వైపు బుద్ధుడి రూపం ఎందుకు లేదో నీకు నువ్వే ఆలోచించు, పుస్తకం తర్వాత చూడొచ్చు. ఒక్క ఫొటో చూసి వదిలేసినవాళ్లకు సగం రాయే దక్కుతుంది.

పట్నంలో సాలార్‌జంగ్ మ్యూజియంలోని చెక్క బొమ్మదీ ఇదే సంగతి. ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక తల వంచుకున్న మార్గరెటా అనే పిల్ల. అందుకే వెనకాల అద్దం పెట్టారు. ఆ మ్యూజియం వస్తువులు చాలా కేంద్ర సాంస్కృతిక శాఖ వారి 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా' వెబ్‌సైటులో ఇంట్లోనే చూడొచ్చు. వంద చూడకు. వారానికి ఒకటి చాలు.

చేతికి పని కావాలంటే చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌ను పట్టుకో. 1940లో మెదక్ వైపు నిజాంపూర్‌లో పుట్టినాయన. ఆయన బొమ్మల్లోని మేకలూ, ఊరి ఆడవాళ్లూ, మగవాళ్లూ నీకు కొత్తేమీ కాదు. ఆయన చేసే ఎచింగ్ అంటే రాగిరేకు లాంటి దాని మీద పూత పూసి, సూదితో గీసి, గీసిన చోట ఆమ్లంతో తినిపించి అచ్చు తీయడం. అచ్చులో ఎడమ కుడవుతుంది. అందుకని ఆయన ఎచింగ్ ఒకటి అద్దంలో చూసి, పెన్నుతో గియ్యి, పెన్సిలు వద్దు. చెరిపే వీలుంటే కన్ను బద్ధకిస్తుంది.

గీసినవి చింపకుండా దాచు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, కాబట్టి శనివారం పొద్దున బండికి రా. నేను వికారాబాద్‌లో ఎక్కుతాను.

మీ అత్తమ్మ