మూత్రవ్యవస్థ – దానికి సోకు వ్యాధి

మన దేహమున వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడు గింజల ఆకృతిలో రెండు మూత్రపిండములు కలవు. ఇవి రక్తమును వడగట్టి దినమునకు సుమారు 1.5 లీటర్ల మూత్రమును తయారుచేయును. అది సుమారు 25 సెంటీమీటర్ల పొడవుగల రెండు మూత్రనాళముల ద్వారా మూత్రాశయమును చేరి, ప్రసేకమను మార్గమున వెలువడును.

వ్యాధి సాధారణముగా ఈ ప్రవాహమునకు ఎదురుగా, క్రిందినుండి పైకి ప్రాకును. పెక్కు సందర్భములలో దీనికి కారణము మన ప్రేవులలో నివసించు ఎషరీషియా కోలై అను బాక్టీరియా. దీనిని 1885లో మొదట వర్ణించినవాడు థియోడర్ ఎషరిష్. ప్రసేకము పురుషులలో సుమారు 20 సెంటీమీటర్లుండగా, స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. ఈ వ్యాధి స్త్రీలలో అధికమగుటకు ఇది ముఖ్యకారణము. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

మూత్రాశయమునకు సోకినప్పుడు మంట, మాటిమాటికి మూత్రవిసర్జన, పొత్తికడుపులో నొప్పి కలుగును. చలిజ్వరము, నడుము ప్రక్కన నొప్పి, వాంతులు కనిపించినచో వ్యాధి మూత్రపిండములను చేరినదని అనుమానించి వెంటనే వైద్యుని చూడవలెను.

మూత్రప్రవాహమే సూక్ష్మజీవులను కడిగివేయు సహజరక్షణ. మరుగుదొడ్డి సరిగా లేదని నీరు త్రాగుట మాని, సాయంకాలము వరకు మూత్రమును బిగబట్టు విద్యార్థినులు ఈ రక్షణను కోల్పోవుచున్నారు. తగినంత నీరు త్రాగుట మన విధి. శుభ్రమైన మరుగుదొడ్లు సమకూర్చుట విద్యాలయముల విధి. మూత్రపరీక్ష జరిపించి, వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడవలెను. బాధ తగ్గినదని నడుమ మానరాదు. బిడియముతో జాగుచేసినచో మూత్రపిండములకే ముప్పు వాటిల్లవచ్చును.