డీవీఆర్ యంత్రము పనిచేయు విధము

బాలబాలికలారా! దుకాణములందును, గృహద్వారములందును చిన్న కెమేరాలు అమర్చబడియుండుట మీరు దినదినము చూచుచున్నారు. కెమేరా కన్ను మాత్రమే. చూచినదానిని జ్ఞాపకముంచుకొనునది డీవీఆర్ అను పెట్టె. అదెట్లు పనిచేయునో తెలిసికొందము.

కెమేరాలోని కటకము ఎదుటి దృశ్యమును సెన్సారు అను చిన్న పలకపై పడవేయును. ఆ పలక వెలుతురును విద్యుత్తుగా మార్చును. ఆ సంకేతము తీగవెంట పెట్టెను చేరగా, పెట్టె దానిని అంకెలుగా వ్రాసికొనును. చిత్రమునకు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నయెడల మొత్తము 20,73,600 చుక్కలగును. చుక్కకు 3 బైట్లును, సెకనుకు 25 చిత్రములును లెక్కించినచో, సెకనుకు 15 కోట్ల బైట్లకు మించును. ఇంత భారమును ఏ డిస్కును బహుకాలము మోయజాలదు.

కావున యంత్రమొక యుపాయము చేయును. మొదట ఒక చిత్రమును సంపూర్ణముగా వ్రాసికొని, పిమ్మటి చిత్రములలో మారిన భాగములను మాత్రమే వ్రాయును. గోడ కదలదు గనుక దానిని మరల వ్రాయనక్కరలేదు. దానిముందు నడచు మనుష్యుని వ్రాసిన చాలును. 2003వ సంవత్సరమున వెలువడిన హెచ్.264 పద్ధతి ఇట్టిదే. ఇందువలన ఒక కెమేరాకు సెకనుకు రెండున్నర లక్షల బైట్లతో పని జరుపవచ్చును. అట్లయిన దినమునకు 21.6 గిగాబైట్లు; నాలుగు కెమేరాలకు 86.4. 1000 గిగాబైట్ల డిస్కు సుమారు పదునొకండున్నర దినములలో నిండును.

నిండిన పిమ్మట యంత్రము ఆగదు. మిక్కిలి పాత చిత్రములను చెరిపి, ఆ స్థానమున క్రొత్తవి వ్రాయును. ఇచ్చటనే జాగ్రత్త వలయును.

నేనెరిగిన యొక దుకాణములో పైకము పోయి, ఊడ్చు పనివానిపై నింద పడెను. పెట్టెలోని చిత్రములు చూడుడని అతడు వేడుకొనెను. యజమాని పదునైదవనాడు చూడగా, ఆ దినపు చిత్రములు చెరిగిపోయియుండెను. దొంగ యెవరో తేలలేదు, నిందయు తొలగలేదు. ఆ పనివాని కుమారుడు నా తరగతిలో తలయెత్తక కూర్చుండుట నేను మరువలేదు.

కాబట్టి యంత్రపు గడియారము సరిగా నున్నదో లేదో చూచుచుండవలెను. ఏదేని జరిగిననాడే ఆ భాగమునకు వేరొక ప్రతి తీసి భద్రపరుపవలెను. పొరుగువారి యింటివైపు కెమేరా త్రిప్పరాదు.

పొరుగువానిపై అబద్ధసాక్ష్యము కూడదని మనము చిన్ననాట నేర్చుకొంటిమి. ఉన్న సాక్ష్యమును అశ్రద్ధచే చెరిగిపోనిచ్చుటయు దానికి దూరము కాదు. యంత్రము చూడగలదు, న్యాయము తీర్చవలసినవారము మనమే.