ఫ్యాక్టరీ దివాలా ప్రక్రియలో పడినపుడు రైతు బాకీ



మీరు ఒక కంపెనీ చక్కెర ఫ్యాక్టరీకి చెఱకు తోలినారు. తూకము అయినది, చీటి చేతికి వచ్చినది, డబ్బు మాత్రము రాలేదు. ఇంతలో ఫ్యాక్టరీ దివాలా ప్రక్రియలో పడినదని తెలిసినది. అపుడు మీ బాకీ ఏమగును? అది చాలవరకు ఒక నోటీసు మీదను, ఆ నోటీసు వెలువడిన కొలది దినములలో మీరు చేయు పని మీదను ఆధారపడి యుండును.

ఈ ప్రక్రియ యేమి?

కంపెనీ అప్పు తీర్చలేనపుడు 2016 నాటి దివాలా స్మృతి క్రింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలునకు దరఖాస్తు చేయుదురు. తెలంగాణకు హైదరాబాదు బెంచి, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి బెంచి కలవు. ట్రిబ్యునలు దరఖాస్తును అంగీకరించినచో, ఒక మధ్యంతర పరిష్కార నిపుణుని నియమించును. కంపెనీ పెత్తనము డైరెక్టర్ల చేతినుండి ఆయన చేతికి పోవును. కంపెనీని నిలబెట్టి, వీలయినచో కొత్త యజమానికి అప్పగించుట దీని ఉద్దేశము. ప్రక్రియ నడుచునంత కాలము కంపెనీపై దావాలు, జప్తులు నిలిచిపోవును. కనుక రైతు తన డబ్బు అడుగుటకు దారి, ఆ నిపుణునికి క్లెయిము ఇచ్చుటయే.

నోటీసు ఎట్లు అందును?

నిపుణుడు తాను నియమితుడైన 3 దినములలో బహిరంగ ప్రకటన చేయవలెను. అది ఒక ఇంగ్లీషు పత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోను పడును. కంపెనీ రిజిస్టర్డు ఆఫీసు, ప్రధాన కార్యాలయము ఉన్నచోట్ల ప్రచారములో ఉన్న పత్రికలకే ఈ ప్రకటన ఇత్తురు. వ్యాపారము ముఖ్యముగా సాగు ఇతర స్థలములలో కూడ వేయవలెనా అనునది నిపుణుని అభిప్రాయముపై ఉండును. ఫ్యాక్టరీ మీ ఊరి ప్రక్కనే ఉన్నను, ఆఫీసు వేరొక రాష్ట్రమున ఉన్నచో ప్రకటన మీ కంట పడకపోవచ్చును. భారత దివాలా బోర్డు వెబ్‌సైటులో కూడ దీనిని ఉంచుదురు.

2022 నుండి ఇంకొక హక్కు కూడ వచ్చినది. కంపెనీ లెక్క పుస్తకములలో పేరున్న ప్రతి ఋణదాతకు, చిరునామా దొరికినంతవరకు, ప్రకటన ప్రతిని తపాలా ద్వారా గాని ఈమెయిలు ద్వారా గాని పంపవలెను. అట్లు పంపుటకు వీలుకానిచో బహిరంగ ప్రకటననే నోటీసుగా ఎంచుదురు. కావున "నాకు ఉత్తరము రాలేదు" అని ఊరకుండరాదు.

గడువు దాటిన యేమగును?

క్లెయిము ఇచ్చుటకు గడువు నిపుణుని నియామకము నుండి 14 దినములు. అది తప్పినను, ప్రక్రియ మొదలైన 90 దినముల లోపున గాని, పరిష్కార ప్రణాళికలు కోరు తేదీ లోపున గాని, వీనిలో ఏది తరువాత వచ్చునో అంతవరకు, ఆలస్యమునకు కారణము తెలిపి ఇవ్వవచ్చును. ట్రిబ్యునలు ఆమోదించిన ప్రణాళిక ఋణదాతలందరిని కట్టివేయును. అందులో చేరని పాత బాకీలు రద్దగునని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పినది. న్యాయమైన బాకీయైనను, క్లెయిము లేనిచో పోవు ప్రమాదమున్నది.

మీరు చేయవలసిన పనులు

1. తూకపు చీట్లు, ఫ్యాక్టరీతో చేసికొన్న ఒప్పందము, బ్యాంకు పాసుపుస్తకము ఒకచోట భద్రపరచవలెను. చీట్లపై అక్షరములు వెలిసిపోవును గనుక నకళ్లు తీసికొనవలెను.

2. చెఱకు అమ్మిన రైతు, సరుకు ఇచ్చిన ఋణదాతగా "ఫారం బి" నింపవలెను. దీనికి రుసుము లేదు. స్వయముగా గాని, తపాలాలో గాని, ఈమెయిలులో గాని అందజేయవచ్చును. అందినట్లు రసీదు పొందవలెను.

3. అసలుతోపాటు వడ్డీని కూడ చూపవలెను. 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము చెఱకు అందిన 14 దినములలో ధర చెల్లించవలెను. ఆలస్యమునకు ఏటికి నూటికి 15 వంతున వడ్డీ. లక్ష రూపాయల బాకీ గడువు దాటి ఆరు నెలలు నిలిచినచో వడ్డీ 7,500 రూపాయలు. లెక్కను ప్రక్రియ మొదలైన తేదీ వరకే కట్టవలెను.

4. ఋణదాతల జాబితా వెలువడినపుడు మీ పేరు, మొత్తము సరిచూచుకొనవలెను. తప్పున్నచో వెంటనే నిపుణునికి వ్రాయవలెను. ఆయన తోసిపుచ్చినచో ట్రిబ్యునలునకు పోవచ్చును.

క్లెయిము ఇచ్చినంత మాత్రమున పూర్తి బాకీ వచ్చునని చెప్పలేము. నిర్ణయము చేయు కమిటీలో ఓటు సాధారణముగా బ్యాంకుల వంటి వారిదే. సరుకు, సేవ ఇచ్చిన వారి మొత్తము బాకీ కంపెనీ అప్పులో పదవ వంతు ఉన్నచో, వారి ప్రతినిధికి సమావేశపు నోటీసు అందవలెను, కాని ఓటు ఉండదు. ఐనను జాబితాలో పేరున్నవాడే తన వంతు అడుగగలడు.

ఈ పద్ధతి కంపెనీగా నమోదైన జిన్నింగు మిల్లులకు, విత్తన సంస్థలకు, పాల డెయిరీలకు కూడ వర్తించును. రాష్ట్ర సహకార చట్టము క్రింద నడుచు ఫ్యాక్టరీల బాకీ విషయమై సహకార శాఖవారిని అడుగవలెను.

చెల్లింపులు ఆగిన ఫ్యాక్టరీకి సరుకు తోలిన రైతులు, గ్రామమునకు ఒకరు చొప్పున పత్రికా ప్రకటనలు చూచు బాధ్యత పంచుకొని, తెలిసిన దినముననే తక్కినవారికి చెప్పుట మంచిది.