అఘోరనాథుల వాకిలి

దానం చేసినవారి పేర్లు శిలాఫలకాలమీద చదువుతుంటాము. దానం పొందినవారి పేర్లు ఎక్కడా కనబడవు, కనబడకూడదు కూడా. ఈ రెండవ మాటను గురించి కొంత ఆలోచించదలచి, మన జంటనగరాలలో నివసించిన ఒక తండ్రిని, ఆయనను తలచుకొన్న కుమార్తెను ఈ వ్యాసానికి ఆధారంగా తీసుకొన్నాము.

ఆ తండ్రి డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ. తూర్పు బెంగాలులోని విక్రమపురం ప్రాంతంవారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం పొంది, 1878లో హైదరాబాదుకు వచ్చారు. ఇక్కడ వారు నెలకొల్పిన విద్యాలయమే కాలక్రమాన నిజాం కళాశాల అయినది. 1879లో వారి కుమార్తె సరోజిని ఈ నగరంలోనే జన్మించారు.

సరోజినీ నాయుడు తొలి కవితాసంపుటి ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ 1905లో వెలువడినది. దానికి ఆంగ్లకవి ఆర్థర్ సైమన్స్ వ్రాసిన పీఠికలో, ఆమె తన తండ్రిని గురించి తెలిపిన మాటలు కొన్ని ఉన్నాయి. తండ్రి తన ధనమంతా రెండు పనులకే వృథా చేశారట. ఒకటి పరులకు సాయపడటం, రెండవది రసవాదం, అనగా లోహాన్ని బంగారంగా మార్చే సాధన. (బంగారం తయారు కాలేదని వేరుగా చెప్పనక్కరలేదు.) ప్రతిదినమూ తోటలో వారి కొలువు తీరేదట. అన్ని మతాల పండితులతోపాటు రాజులు, బిచ్చగాండ్రు, సాధువులు, పచ్చి దుర్మార్గులు సైతం ఆ కొలువులో కలిసి కూర్చునేవారట. అందరికీ ఒకటే మర్యాద. తమ ఇల్లు ఎల్లరకూ తెరచి ఉండేదని కుమారుడు హరీంద్రనాథ్ కూడ తన ఆత్మకథలో వ్రాసుకొన్నారు.

‘వృథా’ అన్న మాట దగ్గర మేము చాలసేపు ఆగినాము. దానశీలుని ఇంట పుట్టిన బిడ్డలకు ఆ దానం మొదట ఖర్చుగానే కనబడుతుంది. సరోజినీదేవి మాటలో ఆ లెక్కా ఉన్నది, దానిని దాటిన ముచ్చటా ఉన్నది. తండ్రిని దేవునిగా చేసి చెప్పలేదు గనుకనే ఆమె చెప్పినది నమ్మబుద్ధి వేస్తుంది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. సాయం పొందిన వారిలో ఒక్కరి పేరైనా ఆమె అక్కడ చెప్పలేదు. ఎవరికి ఎంత ముట్టినదో లెక్క లేదు. రాజు ప్రక్కన కూర్చున్న ఆ బిచ్చగాడు ఎవరో చదివేవారికి నేటికీ తెలియదు.

పవిత్ర ఖురానులో అల్‌బఖరా సూరా 271వ ఆయత్ బహిరంగ దానాన్ని మంచిదే అంటూ, గుప్తంగా పేదలకు అందించడం అంతకన్న మేలని బోధిస్తున్నది. 264వ ఆయత్, చేసిన సాయాన్ని ఎత్తిచూపి మనసు నొప్పించవద్దని హెచ్చరిస్తున్నది. కూర వండేటప్పుడు నీరు కొంచెం ఎక్కువ పోసి ఇరుగుపొరుగును తలచుకొమ్మని ప్రవక్తగారు అబూజర్‌గారికి చెప్పినట్లు హదీసు ఉన్నది. అంటే, ధనవంతుడయ్యేవరకు ఆగనక్కరలేదన్నమాట. మన సికింద్రాబాదు గల్లీలలో రంజాను మాసాన ఇఫ్తారు వేళ పళ్లెంమీద గుడ్డ కప్పి ప్రక్కింటికి పంపుతారు. ఆ గుడ్డ ఈగలను ఆపుతుంది, చూపులనూ ఆపుతుంది. పండుగ నమాజుకు ముందే ఫిత్రా అందజేయాలన్న నియమంలోనూ ఇదే శ్రద్ధ. పేదవాడు ఈద్‌గాహ్‌కు చేయి చాచుకుంటూ రాకుండా, అందరిలో ఒకడై రావాలి.

ఇక మన విద్యార్థిలోకానికి వద్దాము. ఫీజు రాయితీ పొందిన బాలబాలికల పేర్లను నోటీసు బోర్డుమీద అంటించడం, వార్షికోత్సవంలో వేదికమీదికి పిలిచి కవరు చేతికివ్వడం కొన్ని విద్యాసంస్థలలో చూస్తున్నాము. లెక్కలకు జాబితా అవసరమే, కాదనము. ప్రతిభకు ఇచ్చే బహుమతి సంగతి వేరు. దానిని పదిమందిలో పిలిచి ఇవ్వవలసిందే. కాని పేదరికాన్ని బట్టి ఇచ్చే సాయానికి కార్యాలయపు రిజిస్టరులో ఒక వరుస, విద్యార్థి సంతకం, ప్రిన్సిపాలుగారి సంతకం ఉంటే చాలదా అని కమిటీ పెద్దలను సవినయంగా అడుగుతున్నాము.